క్రీడావిలేఖరి – సామాజిక మాధ్యమములు
(రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



2020వ సంవత్సరము నవంబరు 2వ తేదీన హైదరాబాదు క్రీడాకారిణి పి. వి. సింధు ట్విట్టరులో ఒక లేఖ ప్రకటించెను. డెన్మార్కు ఓపెన్ పోటీతో తన సహనము తీరినదనియు, తాను విరమించుచున్నాననియు ఆ లేఖ ప్రారంభముననే పెద్ద అక్షరములతో నుండెను. రియో ఒలింపిక్సులో రజతము, 2019లో ప్రపంచ విజేత పదవి సాధించిన క్రీడాకారిణి ఇరువదియైదేండ్ల వయస్సున ఆట మానివేయుచున్నదను వార్త క్షణములో ఫోను నుండి ఫోనుకు ప్రాకిపోయెను. కడవరకు చదివినవారికి మాత్రము అసలు సంగతి తెలిసినది. ఆమె విరమించుకొన్నది బ్యాడ్మింటను నుండి కాదు. కరోనా కాలమున మనస్సును క్రుంగదీసిన భయము నుండి, అలజడి నుండి, అనిశ్చయము నుండి. అప్పటి కేంద్ర క్రీడామంత్రి కూడ ఆ లేఖ తనకు చిన్న దిగ్భ్రమ కలిగించినదని వ్రాసెను. మరుసటి ఆగస్టులో ఆమె టోక్యోలో కాంస్యపతకము గెలిచెను.

చమత్కారముగా వ్రాసిన లేఖ యది. అట్టి విషయములో అంత చమత్కారము తగునా యని అడుగువారు అడుగవచ్చును. కాని లేఖ వ్రాసిన క్రీడాకారిణి ధర్మము వేరు, దానిని వార్తగా అందించు విలేఖరి ధర్మము వేరు. మొదటి రెండు పంక్తులు చూచి కలము పట్టినవాడును, చివరి పంక్తి వరకు చదివి కలము పట్టినవాడును నాడు ఒకే వృత్తిలో నుండిరి. వారిద్దరి నడుమ తేడా కొన్ని నిమిషముల ఓపిక మాత్రమే.

ఒకప్పుడు ఆ ఓపికను విలేఖరి తెచ్చిపెట్టుకొన నక్కరలేకుండెను. అది వార్త వచ్చు దారిలోనే యుండెడిది. టెస్టు పోటీ జరుగు దినములలో పల్లె గ్రంథాలయములో రేడియో చుట్టు జనము మూగెడివారు. ఆట ముగిసిన పిమ్మట విలేఖరి తన కథనమును తంతి ద్వారా పంపెడివాడు. అది ఉపసంపాదకుని బల్లపై ఒకమారు, ప్రూఫులు దిద్దువాని చేతిలో మరియొకమారు నిలిచి, రాత్రి అచ్చుపడి, మరునాడు బస్సు మీద గ్రామము చేరెడిది. ఆలస్యమే. కాని ఆ ఆలస్యములో నలుగురు కన్నులు పెట్టి చూచుటకు వీలుండెను. ఇప్పుడు విలేఖరి క్రీడాస్థలములో కూర్చుండి బొటనవ్రేలితో నొక్కిన మాట, అతని సంపాదకుని కంటె ముందుగా గ్రామములోని పాఠకుని చేరుచున్నది. నడుమ బల్ల లేదు, ప్రూఫు లేదు. ఆ పనులన్నియు విలేఖరి యొక్కడే చేసికొనవలయును.

కంప్యూటరును క్రీడావార్తకు శత్రువుగా తలచుట మాత్రము పొరపాటు. నేడు క్రికెట్ అభిమానులందరికి తెలిసిన క్రికిన్ఫో 1993లో పుట్టినదే విదేశములలోని విద్యార్థులు, అభిమానులు కంప్యూటర్లపై ఒకరికొకరు స్కోరు చెప్పుకొనిన అలవాటు నుండి. పత్రిక అందనిచోట అభిమానులే పత్రిక యైరి. ఫేస్‌బుక్ 2004లోను, ట్విట్టర్ 2006లోను, వాట్సాప్ 2009లోను, ఇన్‌స్టాగ్రామ్ 2010లోను వచ్చిన తరువాత ఆ అలవాటు లోకమంతట వ్యాపించినది.

క్రీడాకారులును దానిని బాగుగ గ్రహించిరి. 2020 ఆగస్టు 15న మహేంద్రసింగ్ ధోని అంతర్జాతీయ క్రికెట్టు నుండి తప్పుకొనుచున్నట్లు ఇన్‌స్టాగ్రామ్‌లో తెలిపెను. రాత్రి 7 గంటల 29 నిమిషముల నుండి తన్ను విరమించినవానిగా భావింపుడని అందుండెను. విలేఖరుల సమావేశము లేదు, ప్రశ్న లేదు, సమాధానము లేదు. వార్త తెచ్చువాడుగా విలేఖరికి ఆ రాత్రి పనియే లేకపోయెను. అది లక్షల మందికి అతనితోపాటే తెలిసినది. అతనికి మిగిలిన పని వేరు: ఎందుకు, ఇప్పుడే యెందుకు, ఇకముందు వికెట్ల వెనుక ఎవరు అను ప్రశ్నలకు సమాధానము తెచ్చుట. పదిమందికి తెలిసినదానిని పదునొకండవవాడుగా పలుకుటకై తొందరపడు విలేఖరి, తనకు మాత్రమే సాధ్యమగు ఆ పనిని వదలుకొనుచున్నాడు.

ఇక తొందర యెంతదూరము పోగలదో చూపు సంఘటన యొకటి కలదు. జింబాబ్వే జట్టుకు నాయకత్వము వహించి, టెస్టులలో 216 వికెట్లు తీసిన హీత్ స్ట్రీక్ 2023లో క్యాన్సరుతో బాధపడుచుండెను. ఆగస్టు 23న ఆయన మరణించెనని ఆయనతో కలిసి ఆడిన హెన్రీ ఒలోంగా సామాజిక మాధ్యమములో వ్రాసెను. వ్రాసినవాడు అపరిచితుడు కాడు, ఆకతాయి కాడు. మృతుడని చెప్పబడినవాని పాత సహచరుడు. కావున పత్రికలు నమ్మినవి. అనేక దేశములలో సంతాపవాక్యములు వెలువడినవి. ఆయన జీవిత సంగ్రహములు, తీసిన వికెట్ల లెక్కలు ప్రకటింపబడినవి. కొంతసేపటికి స్ట్రీకే ఒలోంగాకు వాట్సాప్‌లో సందేశము పంపెను. మూడవ అంపైరు ఆయనను వెనుకకు పిలిచినాడని ఒలోంగా హాస్యముగా వ్రాసి, తన మాట సవరించుకొనెను. కాని ఆ హాస్యము స్ట్రీకు బాధను తీర్చలేదు. ఒక మనిషి చావు వంటి పెద్ద వార్తను విచారింపకయే వ్యాపింపజేయుట తన్ను నొప్పించినదనియు, దానికి మూలమైనవారు క్షమాపణ చెప్పవలసి యున్నదనియు ఆయన ఒక భారతీయ పత్రికతో అనెను. రోగముతో పోరాడుచున్నవాడు తన మరణవార్తను తానే ఖండింపవలసి వచ్చెను! ఆనాడు ఆయన యింటికి ఒక్క టెలిఫోను చేసిన విలేఖరికి, పరుగులో వెనుకబడినాడనుట తప్ప మరే నష్టమును లేదు.

మొదట చెప్పిన మనిషి తెలిసినవాడగుట వేరు, అతనికి ఆ విషయము తెలిసియుండుట వేరు. ఒలోంగాకు ఎవరు చెప్పిరి? చెప్పినవారు చూచిరా, వినిరా? విలేఖరి అడుగవలసిన మొదటి ప్రశ్న యిదియే. రెండు చోట్ల కనబడినంత మాత్రమున రెండు సాక్ష్యములు కావు. 2012 జనవరి 21న అమెరికాలో జో పెటర్నో యను వృద్ధ ఫుట్‌బాల్ శిక్షకుడు మరణించెనని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయ విద్యార్థులు నడుపు వార్తాస్థలము ప్రకటించెను. క్రీడాకారులకు వచ్చినదని చెప్పబడిన ఒక ఈ-మెయిలు వారికి ఆధారము. పెద్ద వార్తాసంస్థ యొకటి ఆ మాటను, అది ఎచటిదో కూడ చెప్పక, తన వార్తగా ఎత్తుకొనెను. అచటి నుండి మరికొందరు ఎత్తుకొనిరి. ఎన్నో చోట్ల ఉన్నట్లు తోచిన వార్తకు అడుగున నున్నది ఆ ఒక్క ఈ-మెయిలే, అదియు బూటకము. కుటుంబము వారు ఖండించిరి. పెటర్నో మరునాటి ఉదయమున కన్నుమూసెను. తన తప్పు ఒప్పుకొని ఆ విద్యార్థి సంపాదకుడు పదవి వదలుకొనెను. విద్యార్థి చూపిన ఆ పట్టింపు పెద్ద సంస్థలకు వెంటనే పుట్టినట్లు కానరాదు.

ఎవ్వరును విచారింపరని నిరూపించుటకే అబద్ధము వ్రాసిన విలేఖరియు ఒకడు కలడు. 2010లో వాషింగ్టను నగరపు పేరుమోసిన పత్రికలో పనిచేయు క్రీడావ్యాసకర్త ఒక ఆటగాని శిక్షను గూర్చి తెలిసియే తప్పు వార్త ట్విట్టరులో ఉంచెను. కొందరు నమ్మి ప్రచురించిరి. అతని వాదము రుజువైనది. పత్రిక అతనిని ఒక నెలపాటు పనినుండి తొలగించెను. బావిలో విషము కలిపి, చూడుడు, జనము వాసన చూడకయే త్రాగుచున్నారని చెప్పినట్లుండెను ఆ పరీక్ష.

పేరు ప్రక్కన నుండు నీలిగుర్తును గూర్చియు ఒక మాట. పూర్వము ట్విట్టరువారు మనిషిని గుర్తించి ఆ గుర్తు ఇచ్చెడివారు. 2022 నవంబరు నుండి రుసుము చెల్లించినవారికి అది లభించుచున్నది. ఆ మార్పు వచ్చిన మొదటి దినములలోనే, బాస్కెట్‌బాల్ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ పేరుతో ఎవరో గుర్తు కొనుక్కొని, తాను జట్టు మారగోరుచున్నట్లు వ్రాసిరి. ఆ సంస్థ పేరు 2023 జూలైలో ఎక్స్ అని మారినది. గుర్తు మాత్రము డబ్బిచ్చినాడని చెప్పునే గాని మనిషి ఎవడో చెప్పదు.

క్రీడాకారుడు నిజముగా తానే వ్రాసినపుడు సైతము పని ముగియదు. 2024 ఫిబ్రవరి 26న ఇండోరులో రంజీ ట్రోఫీ క్వార్టరు ఫైనలులో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిపోయెను. ఆనాడే హనుమ విహారి ఇన్‌స్టాగ్రామ్‌లో సుదీర్ఘముగా వ్రాసెను. బెంగాలుతో జరిగిన మొదటి పోటీలో తాను నాయకుడై యుండి ఒక ఆటగానిని మందలించితిననియు, ఆ ఆటగాడు రాజకీయ నాయకుని కుమారుడగుటచే తన్ను నాయకత్వము వదలుకొనుమనిరనియు, ఇక ఆంధ్ర పక్షమున ఆడననియు దాని సారాంశము. ఆ రెండవ ఆటగాడును ఇన్‌స్టాగ్రామ్‌లోనే ఆ మాటలు నిజము కావని బదులు వ్రాసెను. ఆంధ్ర క్రికెట్ సంఘము విచారణ జరుపుదుమని ప్రకటించెను.

ఎన్నికల దినములు దగ్గరపడుచుండెను. రాష్ట్రములో ఒక పక్షమువారికి మొదటి లేఖయు, మరియొక పక్షమువారికి రెండవ లేఖయు వేదవాక్యములైనవి. ఇట్టి సమయమునందే క్రీడావిలేఖరి అవసరము. లేఖలను అచ్చువేయుట సులభము. వానిని ఎవరైనను ఫోనులో చదువుకొనగలరు. ఆ దినము విశ్రాంతి గదిలో నున్నవారెవరు, నాయకుడు మారిన నిర్ణయము ఏ తేదీన ఏ సమావేశములో జరిగినది, సంఘపు పుస్తకములలో ఏమి వ్రాయబడినది, జట్టులోని తక్కినవారు తమ పేరుతో చెప్పగలిగినదేమి – ఇవి ఫోనులో దొరకవు. విశాఖపట్టణము పోయి, నలుగురిని కలిసి, తలుపులు తట్టి తెలిసికొనవలసినవి. ఒక సమర్థుడైన ఆటగాని గౌరవము, ఒక యువకుని భవిష్యత్తు, ఒక సంఘపు నిజాయితి ఆ సమాధానముల మీద ఆధారపడి యుండెను. సామాజిక మాధ్యమములోని లేఖ అచట ఫిర్యాదు పత్రము వంటిది. ఫిర్యాదును తీర్పుగా అచ్చొత్తిన పత్రికను నమ్మువారెవరు?

వ్రాసి చెరిపిన మాట సంగతి మరియొకటి. 2022 మే 14న గుంటూరు ఆటగాడు అంబటి రాయుడు అదియే తనకు చివరి ఐ.పి.ఎల్. అని ట్విట్టరులో ప్రకటించి, కొంతసేపటికే దానిని తీసివేసెను. ఆయన విరమించుట లేదని చెన్నై జట్టు అధికారి చెప్పెను. రాయుడు మరుసటి సంవత్సరము కూడ ఆడి, 2023లో జట్టు విజేతగా నిలిచిన పిమ్మట తప్పుకొనెను. వ్రాసినదియు వార్తయే, చెరిపినదియు వార్తయే. కావున విలేఖరి రెండింటిని, వాని సమయములతో సహా, పాఠకునికి చెప్పవలయును. 2019లో ప్రపంచకప్పు జట్టులో చోటు దొరకనపుడు ఇదే రాయుడు, పోటీలు చూచుటకై త్రీడీ కండ్లద్దములు తెప్పించుకొనినట్లు వ్రాసెను. ఎంపికైన మరియొక ఆటగాడు మూడు విధముల పనికివచ్చునని ప్రధాన ఎంపికదారుడు ఎం. ఎస్. కె. ప్రసాద్ చెప్పిన మాటకు అది జవాబు. ఇద్దరును గుంటూరు సీమవారే. ఆ ముందుమాట తెలియనివానికి కండ్లద్దముల వ్యంగ్యము బోధపడదు. తెలిపిన విలేఖరి చదువరికి మేలు చేసినవాడు.

సందర్భము తెగిన మాట ఎంత చేటు తేగలదో నీరజ్ చోప్రా అనుభవము వలన తెలియుచున్నది. టోక్యోలో 2021 ఆగస్టు 7న 87.58 మీటర్లు విసరి స్వర్ణము సాధించిన పిమ్మట ఒక పత్రికతో మాటలాడుచు, తుదిపోటీలో తన మొదటి విసరుకు ముందు బల్లెము కొరకు వెదకగా అది పాకిస్తాను ఆటగాడు అర్షద్ నదీమ్ చేతిలో కనబడినదని ఆయన చెప్పెను. ఆ ముక్కను పట్టుకొని సామాజిక మాధ్యమములలో కొందరు నదీమును దొంగ యనిరి. పోటీలో ఉంచిన బల్లెము ఎవరైనను వాడుకొనవచ్చునను నియమము తెలిసిన విలేఖరి ఒక్క వాక్యము చేర్చియుండినచో అంత రగడకు తావుండెడిది కాదు. చివరకు ఆగస్టు 26న చోప్రాయే ఒక వీడియో ద్వారా ఆ నియమమును వివరించి, తన పేరు ద్వేషమునకు సాధనముగా వాడవలదని వేడుకొనెను. ఒలింపిక్ విజేత తన వార్తను తానే దిద్దుకొనవలసి వచ్చెను.

పోటీలో ఓడినవారిపై కురియు తిట్లను గూర్చి విలేఖరులు మరింత జాగ్రత్త పడవలయును. 2022 సెప్టెంబరు 4న దుబాయిలో పాకిస్తాను మీద ఆడుచు అర్ష్‌దీప్ సింగ్ ఒక క్యాచ్ జారవిడిచెను. ఆ రాత్రియే వికీపీడియాలో అతని పుటను మార్చి, అతనిని దేశద్రోహిగా చిత్రించుటకు యత్నించిరి. ముఖము, పేరు లేని కొన్ని ఖాతాల దుర్భాషలను ఏరి ‘అభిమానుల ఆగ్రహము’ అను శీర్షికతో ప్రచురించుట వార్త కాదు; తిట్టినవానికి మైకు అందించుట. ఇరువది మూడేండ్ల యువకుని మీద జరిగిన దాడి వార్తయే. ఆ దాడిలోని మాటలను యథాతథముగా మోసుకొని తిరుగుట వార్త కాదు.

చూపగలిగినదెల్ల చూపవలెనను నియమమును లేదు. 2022 డిసెంబరు 30న రూర్కీ సమీపమున రిషభ్ పంత్ కారు ప్రమాదమునకు గురికాగా, రక్తసిక్తమైన అతని ముఖము క్షణములలో అందరి ఫోనులలోను చేరినది. టెలివిజను తెరలపై సైతము ముసుగు లేకుండ కనబడినది. 2023 జనవరి 9న కేంద్ర సమాచార, ప్రసార మంత్రిత్వశాఖ ఇట్టి దృశ్యముల విషయమై ఛానళ్ళను హెచ్చరించుచు ఆ ప్రమాదమును ఉదాహరించెను. ప్రభుత్వము చెప్పువరకు ఆగవలసిన విషయమా యిది? మంచము మీది మనిషి ఆటగాడైనను ఒక యింటి బిడ్డయే.

విలేఖరి వ్రాయు ప్రతి అక్షరమునకు న్యాయస్థానములో లెక్క యుండును. 2010లో అప్పటి ఐ.పి.ఎల్. అధ్యక్షుడు లలిత్ మోదీ, న్యూజిలాండు ఆటగాడు క్రిస్ కెయిర్న్స్‌పై పోటీల బేరమును గూర్చిన ఆరోపణ ట్విట్టరులో చేసెను. ఇంగ్లాండు, వేల్సులలో దానిని నేరుగా చదివినవారు సుమారు 65 మంది యని న్యాయస్థానము లెక్కించెను. అయినను 2012 మార్చిలో కెయిర్న్స్‌కు 90,000 పౌండ్ల నష్టపరిహారము ఇప్పించెను. గ్రామ గ్రంథాలయములో ఒక సాయంకాలము కూర్చుండువారి సంఖ్య అంతకంటె తక్కువ యేమియు కాదు.

సొంత సందేశములైనను చాటున నుండునని తలపరాదు. 2022 ఫిబ్రవరిలో వికెట్ కీపరు వృద్ధిమాన్ సాహా, తన్ను సంభాషణకు ఒత్తిడి చేయుచు ఒక ప్రముఖ విలేఖరి పంపినవని చెప్పిన వాట్సాప్ సందేశములను, మొదట పేరు చెప్పకయే, లోకమునకు చూపెను. ఆ సందేశములు మార్చబడినవని విలేఖరి వాదించెను. క్రికెట్ నియంత్రణ మండలి సంఘము విచారించి, మే నెలలో అతనిపై రెండేండ్ల నిషేధము విధించెను. మాటలాడుట ఆటగాని యిష్టము. అడుగుట విలేఖరి హక్కు. అడుగుటకును బెదిరించుటకును నడుమ గీత ఫోనులో చిన్నదిగా కనబడినను, తెరపైకి వచ్చినపుడు పెద్దదిగనే కనబడినది.

విలేఖరి తన సొంత అభిప్రాయములు చెప్పవచ్చునా? 2023 మార్చిలో బి.బి.సి. ఫుట్‌బాల్ వ్యాఖ్యాత గ్యారీ లినేకర్, శరణార్థులను గూర్చిన ప్రభుత్వ విధానమును ట్విట్టరులో విమర్శింపగా ఆయనను కార్యక్రమము నుండి తప్పించిరి. సహచరులు ఆయన పక్షము వహించి రాకపోవుటచే మార్చి 11న ఆ కార్యక్రమము వ్యాఖ్యాతలు లేకయే 20 నిమిషములలో ముగిసెను. రెండు దినములకు ఆయనను మరల పిలిచిరి. పౌరునిగా మాటలాడు హక్కు విలేఖరికిని ఉన్నదనుట సబబే. కాని ఏ జట్టును గూర్చి రేపు నిష్పక్షపాతముగా వ్రాయవలెనో, ఆ జట్టును గూర్చి ఈ రాత్రి అభిమానివలె కేకలు వేయుట తగదు. ఈ రెండును వేర్వేరు సంగతులు.

ఇన్ని చెప్పిన పిమ్మట సామాజిక మాధ్యమమును మూసి పెట్టవలెనని ఎవరైనను భావించినచో, వారు నిజామాబాదు బాక్సరు నిఖత్ జరీన్ సంగతి గుర్తు తెచ్చుకొనవలయును. 2019 అక్టోబరులో, ఒలింపిక్ అర్హత పోటీలకు మేరీ కోమ్‌తో తనకు న్యాయమైన ఎంపిక పోటీ ఏర్పరచుమని క్రీడామంత్రికి వ్రాసిన లేఖను ఆమె ట్విట్టరులో ఉంచెను. అధికారుల గడప తొక్కలేని యువతికి అది గడప యైనది. ఆ డిసెంబరు 28న ఢిల్లీలో ఎంపిక పోటీ జరిగెను. నిఖత్ 9–1 తేడాతో ఓడిపోయెను. అయినను అడిగినది దక్కెను. ఆటలో ఓడుట వేరు, ఆడనీయకపోవుట వేరు. 2022 మేలో ఇస్తాంబులులో ఆమె ప్రపంచ విజేత యయ్యెను. ఆ లేఖను చదివి సమాఖ్య వారిని నిలదీసిన విలేఖరులు మాధ్యమమును వాడవలసిన తీరున వాడిరి.

జిల్లా కబడ్డీ పోటీలకును, పాఠశాల ఖోఖోకును, దివ్యాంగుల పరుగు పందెములకును పత్రికలో స్థలము తక్కువ. మండల విలేఖరి ఫలితములను, పేర్లను తప్పులేకుండ ఫేస్‌బుక్‌లో ఉంచినచో ఆ పిల్లల ఊళ్ళకు అదియే పత్రిక. 2024 సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్సులో 400 మీటర్ల పరుగులో కాంస్యము తెచ్చిన జీవాంజి దీప్తి వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు బిడ్డ. ఆమె పరుగు తెరపై అందరును చూచిరి. ఆమెను చిన్ననాట ఊరివారు ఎట్లు చూచిరో, తలిదండ్రులు ఏమి భరించిరో తెలిసినది మాత్రము కల్లెడ దాక పోయినవారి వలననే.

తప్పు జరిగినపుడు దానిని నిశ్శబ్దముగా చెరిపివేయుట నేడు సర్వసాధారణమై పోయినది. చెరిపినంత మాత్రమున అప్పటికే దానిని పంచుకొన్న వేలమంది ఫోనులలో అది చెరగదు. తప్పు వ్రాసిన ఖాతాలోనే, అంతే పెద్ద అక్షరములతో, ఏది తప్పు, ఏది నిజము, ఏ గంటకు దిద్దబడినదని వ్రాయవలయును. పూర్వపు పత్రికలు సవరణలను లోపలి పుటలలో చిన్న అక్షరములలో వేసెడివి. ఆ విషయములో పాతకాలమే మేలని చెప్పుటకు వీలు లేదు.

హీత్ స్ట్రీక్ ఆ తరువాత పదునొకండు దినములు జీవించెను. 2023 సెప్టెంబరు 3న, 49 ఏండ్ల వయస్సున, ఆయన నిజముగా కన్నుమూసినపుడు ఆ వార్తను లోకమునకు తెలిపినది ఆయన భార్య, తెలిపినది ఫేస్‌బుక్‌లోనే.